ఒక్క గుడి తేడా

కుట్టుగది,
నాటకశాల వెనక.

చెల్లీ,

క్షేమసమాచారాలు తరవాత. ముందు ఈ సంగతి విను. కడుపులో దాచుకుంటే నాకు అన్నం సయించేలా లేదు.

మళ్ళీ ఆ నాటకం వేస్తున్నారు. అదే, జైలు నుంచి తిరిగొచ్చిన తండ్రి నాటకం. తండ్రి వేషం మీ ఆయనదే. మీ ఆయన అంటే నువ్వు పళ్ళు నూరుతావని తెలుసు. విడిపోయిన మొగుడు అని రాయాలంటే నాకు చెయ్యి రావడం లేదు. అందుకని మనం పెట్టుకున్న పేరే రాస్తాను, కంచు. ఆ గొంతు ఇంకా కంచులాగే ఖంగుమంటోంది. మనిషే కాస్త వడిలాడు.

నిన్న అందరినీ వేదిక మీద కూర్చోబెట్టి మీటింగు పెట్టారు. నాటకశాలకి ఇక పెద్ద ఆయనేనట. ఈ నాటకం ఆడిన రోజున, ఆఖర్న, జనం ముందే ఆ మాట చెప్తారట. అందరూ చప్పట్లు కొట్టారు. కంచు లేచి నిలబడి, "అయిదేళ్ళ కిందట ఇదే నాటకంలో నా పరువు గోతిలో కలిసింది. గొయ్యంటే ఇదిగో, ఈ గొయ్యే" అని నువ్వు కూర్చునే చోటు చూపించాడు. అందరూ నవ్వారు. చెల్లీ, ఆ గోతిలో తల మాత్రం పైకి పెట్టుకుని, నటులు మరిచిపోయిన ప్రతి మాటా గుసగుసగా అందిస్తూ నువ్వు నీ వయసంతా గడిపావు. దాన్ని చూపించి నవ్వారు. అక్కడితో ఆగాడా? "తప్పు మాట అందించే నోరు ఉంటే ఎంత, పోతే ఎంత? నాకు ప్రాంప్టింగ్ అక్కర్లేదు. ఆ గొయ్యి మూసెయ్యండి" అన్నాడు. మధ్యాహ్నానికల్లా వడ్రంగి దాని మీద చెక్కలు కొట్టేశాడు. నీ మెత్త లోపలే ఉండిపోయింది.

నేనో మూల కూర్చుని రాణి వేషం లంగాకి అంచు కుడుతున్నాను. సూది సరాసరి వేల్లోకి దిగింది. నొప్పి కూడా తెలీలేదు, ఒళ్ళు అంతలా మండింది.

ఆ తరవాత నా దగ్గరికొచ్చాడు, ఏమీ ఎరగనట్టు. "వదినా, ఆ పాత కోటు చూడు, ముష్టివాడి కోటులా ఉంది. మూడు గుండీలు మూడు రకాలు. కొత్తది కుట్టు. గుండీలన్నీ నున్నగా, ఒక్కలాంటివి వెయ్యి. నా హోదాకి తగ్గట్టు ఉండాలి" అన్నాడు. ఆ వేషం జైలు నుంచి వచ్చినవాడిది, హోదా ఎక్కడిదని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

నాకైతే కుట్టనని మొహం మీదే చెప్పాలనుంది. ఉద్యోగం పోతే పోతుంది. ఏమంటావు?

అక్క

*

మైకు గది,
బస్టాండు.

అక్కా,

నీ ఉత్తరం చదివి పగలబడి నవ్వాను. మైకు ఆపలేదని నవ్వాక చూసుకున్నాను. కింద బస్సుల కోసం నిలబడ్డ జనమంతా తలలెత్తి చూశారట. మా సూపరింటెండెంటు పరుగున వచ్చి "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు. ఇంత బాగుండి చాలా కాలమైందని చెప్పాను. చిత్రం చూడు, ఒకప్పుడు నా గొంతు మొదటి వరసకి వినపడితే తప్పు. ఇప్పుడు మరుగుదొడ్ల దాకా వినపడకపోతే తప్పు.

కుట్టననకు. కుట్టు. నీ జన్మలో ఎప్పుడూ కుట్టనంత బాగా కుట్టు. గుండీలు మూడూ ఒక్కలాంటివి, నున్నగా, చేత్తో తడిమితే ఏది ఏదో తెలియనట్టు ఉండాలి.

ఆ పాత కోటుకి మూడు రకాల గుండీలు ఎందుకు వేయించానో నువ్వు ఎప్పుడూ అడగలేదు. జైలు నుంచి వచ్చినవాడికి సెట్టు గుండీలు ఎక్కడివని నేను అంటే, నిజమేనన్నావు. నిజం అది కాదు.

మరుపు గురించి జనం అనుకునేది తప్పక్కా. మాట ఎక్కడికీ పోదు. లోపలే పడి ఉంటుంది. దాన్ని పట్టుకుని లాగే కొస దొరకదు, అంతే. మొన్న కూరల కొట్టు దగ్గర ఒకాయన నన్ను చూసి పళ్ళికిలించాడు. ఎవడ్రా వీడు అని మొహం తిప్పుకున్నాను. తీరా చూస్తే రోజూ నా కిటికీ దగ్గరే టీ తాగే కండక్టరు. యూనిఫాం లేదు, భుజాన సంచీ లేదు, నాకు మనిషే లేకుండా పోయాడు. నువ్వు కత్తెర కోసం లోపలి గదిలోకి వెళ్ళి, దేనికొచ్చానబ్బా అని తెల్లమొహం వేసుకుని నిలబడి, మళ్ళీ మిషను దగ్గరికి రాగానే గుర్తొచ్చి నిన్ను నువ్వే తిట్టుకుంటావు చూడు, అదీ ఇదే.

కంచుది మరీ ముదిరిన కేసు. పెళ్ళైన కొత్తలో పుస్తకం పట్టుకుని పొద్దస్తమానం గదిలో తిరిగేవాడు. ఒక్క ముక్క నిలిచేది కాదు. ఒకరోజు అన్నం తింటూ, చెంచా చేత్తో తిప్పుతూ ఒక మాట నేర్చుకున్నాడు. మర్నాడు అడిగితే రాలేదు. చెంచా చేతిలో పెట్టాను, గడగడా చెప్పాడు. నేను కనిపెట్టాను గానీ ఆయనకి చెప్పలేదు. చెంచా సాయంతో నటిస్తున్నావంటే ఆ పొగరు ఓర్చుకుంటుందా? అందుకే నీచేత గుండీలు మార్పించాను. పై గుండీ ఇత్తడిది. చల్లగా తగలగానే, ఇంటి తలుపు తోసి లోపలికొచ్చే మాట. దాని కింద కొమ్ము గుండీ, దాంతో పెళ్ళాం పటం ముందు అనే మాట. మూడోది గరుకు గుడ్డ చుట్టింది. అది వేలికి తగిలితే, కూతురి ఖాళీ కుర్చీ ముందు మోకరిల్లి అనే ఆఖరి మాట వస్తుంది. 'నన్ను క్షమించు తల్లీ.' రిహార్సల్ చేసిన ప్రతిసారీ ఆ చెయ్యి ఆ గుండీ మీదికి పోయేదాకా నేను ఊరుకునేదాన్ని కాదు. అదంతా తన ప్రతిభ అనుకున్నాడు పాపం.

ఆ రోజు ఏమైందో నీకు సగమే తెలుసు. ఉక్కగా ఉందని మూడో అంకంలో కోటు విప్పి మంచం మీద పడేశాడు. ఖాళీ కుర్చీ ముందు మోకరిల్లాడు. చెయ్యి గుండె మీదికి పోయింది. గుండీ లేదు, ఉత్త చొక్కా. లేచి నిలబడి మడమతో నేల మీద రెండుసార్లు తట్టాడు. మాట ఇవ్వు అని మా ఇద్దరికీ గుర్తు అది. ఇచ్చాను. 'నన్ను క్షమించు తల్లీ' అని స్పష్టంగా ఇచ్చాను. ఆ కంగారులో ఆయన నోట్లోంచి ఖంగున వచ్చింది, 'నిన్ను క్షమించాను తల్లీ!' అని. కూతురి బతుకు నాశనం చేసి జైలుకెళ్ళినవాడు తిరిగొచ్చి ఆ కూతుర్నే క్షమించాడు! హాలంతా గొల్లుమంది.

నన్ను, నిన్ను. నకారం మీద ఒక్క గుడి తేడా. అది పడ్డాక 'క్షమించు' దానంతటదే 'క్షమించాను' అయింది. తెర ముందుకొచ్చి చేతులు కట్టుకుని, "మన్నించాలి, గోతిలోంచి తప్పు మాట వచ్చింది" అని ఆ గుడి తీసి నా నెత్తిన పెట్టాడు. ఆ తరవాత ఏ నాటకశాల గడప తొక్కినా, తప్పు మాట అందించే ఆవిడ ఈవిడేనా అన్నారు.

కాబట్టి ఆయన అడిగింది అడిగినట్టు ఇద్దాం. రిహార్సల్ అన్నాళ్ళూ పాత కోటే తొడుగు. కొత్తది ఇంకా చంకల దగ్గర అవలేదని చెప్పు. ఆట రోజున, తెర లేచే ముందు, కొత్తది తొడిగి భుజాలు సర్ది పంపించు. మనం పాడుచేసేది ఏమీ లేదు. కొత్త బట్ట పెడుతున్నాం.

చెల్లి

*

కుట్టుగది.
బయట ఒకటే వాన.

చెల్లీ,

నువ్వు రాసింది చదివి, ఇది కోపంలో అల్లుకున్న కథ అనుకున్నాను. నిన్న రిహార్సల్‌కి వెళ్ళి పక్క తెర చాటున నిలబడ్డాను. పాత కోటు తొడుక్కున్నాడు. తలుపు తోశాడు, వేళ్ళు ఇత్తడి గుండీ మీద. పటం ముందు నిలబడ్డాడు, కొమ్ము గుండీ మీద. కుర్చీ ముందు మోకరిల్లాడు. ఆ చెయ్యి కుక్కపిల్లలా దానంతటదే కిందికి దిగి గుడ్డ గుండీని పట్టుకుంది చెల్లీ. 'నన్ను క్షమించు తల్లీ' అన్నాడు. దీపాలు సర్దేవాడు కూడా పని ఆపి కళ్ళు తుడుచుకున్నాడు. నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది. ఇన్నేళ్ళూ ఆ కోటు ఉతికి ఇస్త్రీ చేసింది నేను, నాకే తెలీదు.

కొత్త కోటు అయిపోయింది. తలుపు వెనక తగిలించి పైన దుప్పటి కప్పాను. రోజూ వచ్చి "ఏం వదినా, అయిందా?" అంటాడు. "చంకల దగ్గర తేడా వస్తోంది" అని నీళ్ళు నములుతున్నాను. అబద్ధం ఆడితే నా చెవులు ఎర్రబడతాయని నీకు తెలుసుగా. జుట్టు చెవుల మీదికి దువ్వుకుంటున్నాను.

ఒకటి చెప్తాను, కోప్పడకు. మనిషి బాగా చిక్కాడు. నిన్న నా స్టూలు మీద కూర్చుని గ్లాసెడు నీళ్ళు అడిగాడు. తాగుతుంటే చెయ్యి వణికి సగం చొక్కా మీద పోసుకున్నాడు. నీ గురించి కూడా ఏదో అడిగాడులే, రాసేంత సంగతి కాదు. నాకు ఎందుకో వదిలేద్దామా అనిపించింది. ఆ గుడ్డ గుండీ ఒక్కటి కోసి, కొత్త కోటు లోపలి వైపు, చేతికి తగిలే చోట కుట్టేస్తే ఎవరికీ తెలీదు. ఆయన పరువూ దక్కుతుంది, మన చేతికి మట్టీ అంటదు. ఆలోచించు.

నీ అక్క

*

మైకు గది.

అక్కా,

కుట్టావా? కుట్టి ఉంటే ఈ ఉత్తరం కింద పెట్టి ముందు అది విప్పు. తరవాత మిగతాది చదువు.

చెయ్యి వణికితే జాలిపడ్డావు. నా చెయ్యి వణకలేదా? ఆ ఆట అయిపోయి ఇంటికొచ్చాక ఏం జరిగిందో నీకు ఇప్పటిదాకా చెప్పలేదు. చెప్తే నువ్వు కత్తెర పట్టుకుని వాడి మీదికి పోతావని చెప్పలేదు. చెప్పులు విప్పుతూ వాడు నాతో అన్న మాటలివి. "నువ్వు సరిగ్గానే ఇచ్చావు. నేనే తడబడ్డాను. నీకు తెలుసు, నాకు తెలుసు, జనానికెందుకు? నీ పేరు పోతే ఎవరు చూస్తారు, నువ్వుండేదే గోతిలో. నా పేరు పోతే ఇద్దరం అడుక్కుతినాలి." అని నిమ్మళంగా చెప్పి, పెరుగు ఉందా అని అడిగాడు. ఉంది. పెట్టాను. మర్నాడు పెట్టె సర్దుకున్నాను.

తెలియక చేసినవాడైతే నేనూ వదిలేసేదాన్ని. వాడు తెలిసి చేశాడు. ఇన్నేళ్ళూ తెలిసే ఊరుకున్నాడు. ఇప్పుడు అదే నాటకం ఆడి, నా గొయ్యి పూడ్చి, దాని మీద నిలబడి పెద్దరికం తీసుకుంటాడట. నేను ఇక్కడ గొంతు చించుకుని బస్సుల పేర్లు అరుస్తూ కూర్చోవాలట.

నా గురించి ఏమడిగాడు? రాసేంత సంగతో కాదో నేను చూసుకుంటాను. పొల్లు పోకుండా రాయి.

చెల్లి

*

కుట్టుగది.

చెల్లీ,

కుట్టలేదు. ఆలోచించానంతే. ఈ ఉత్తరంలో ఆయన కాస్తా 'వాడు' అయ్యాడు, గమనించాను. నేను కూడా ఇకనుంచి అలాగే రాస్తాను, నాకూ సుఖంగా ఉంది.

వాడు అడిగింది ఇదీ. నీళ్ళు తాగి గ్లాసు పక్కన పెట్టి, ఎంతో అమాయకంగా, "వదినా, మీ చెల్లెలు అసలు ఎందుకు వెళ్ళిపోయింది? నేనేమైనా అన్నానా?" అన్నాడు.

నటిస్తున్నాడేమోనని మొహంలోకి చూశాను. నేను ఈ కుట్టుగదిలో కూర్చుని ఎంతమంది నటన చూశానో నీకు తెలుసు. ఏడుపు నటించేవాడికి ముక్కు ఎర్రబడదు, అమాయకత్వం నటించేవాడు రెప్ప వెయ్యడు. వీడు రెప్పలు వేశాడు. నిజంగానే అడిగాడు. "తప్పు మాట ఇచ్చిందని నాలుగు కేకలు వేశానేమో. అంతమాత్రానికి ఇల్లు వదిలిపోతారా? పట్టుదల మనిషి" అని తనే జవాబు కూడా చెప్పుకుని వెళ్ళిపోయాడు.

అప్పుడు నాకు అందులో తప్పు కనపడలేదు. మరిచిపోయాడులే, పెద్దవాడవుతున్నాడు అనుకున్నాను. అందుకే రాయలేదు. పెరుగు సంగతి నువ్వు రాశాక అర్థమైంది. తప్పు తనదేనని నోటితో ఒప్పుకున్న మనిషి, ఇప్పుడు నీదేనని మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడు. నా జాలి అక్కడికక్కడే చచ్చింది. పూడ్చిపెట్టి వచ్చి ఈ ఉత్తరం రాస్తున్నాను.

కొత్త కోటు మళ్ళీ దించి గుండీలు ఇంకా గట్టిగా కుట్టాను. వాటిని ఒకటికి రెండుసార్లు తడిమి చూశాను. అద్దంలా ఉన్నాయి, ఏది ఏదో నాకే తెలీడం లేదు. కూతురి కుర్చీ కిర్రుమంటోందని వడ్రంగి చేత బిగింపించాడు కూడా. తన కొసలు తనే కోసుకుంటున్నాడు. ఆట ఆదివారం మధ్యాహ్నం. పక్క తెర చాటున నీకు చోటు ఉంచనా?

అక్క

*

మైకు గది.

అక్కా,

నీ ఉత్తరం చదివాక అరగంట సేపు ఏ బస్సు పేరూ సరిగ్గా చెప్పలేదు. ఉత్తరం వైపు పోయేవాళ్ళు దక్షిణం బస్సెక్కి కూర్చుని నన్ను తిట్టిపోశారు.

మరిచిపోయాడు! నేను ఇన్నాళ్ళూ వాడు లోలోపల కుములుతుంటాడని, ఆ గొయ్యి చూసినప్పుడల్లా గుండెలో కలుక్కుమంటుందని అనుకుని బతికాను. అదే నాకు అన్నం, అదే నాకు నిద్ర. అదేమీ లేదన్నమాట. హాయిగా ఉన్నాడన్నమాట.

ఎందుకు మరిచిపోడు? పొద్దున లేస్తే ఎదురుగా నా మొహం లేదు. భోజనం దగ్గర నేను లేను. గోతిలో నా తల లేదు. వాడి తప్పుకి మూడో గుండీ నేనే కదక్కా. నన్ను కోసి అవతల పారేశాక వాడికి ఆ మాట ఎక్కడ తగులుతుంది? ఆఖరికి ఆ గొయ్యి మిగిలింది, దాన్నీ మూయించాడు.

ఇదివరకు వాడు వేదిక మీద మాట మరిచిపోవాలని కోరుకున్నాను. ఇప్పుడు అది చాలదు. వాడికి గుర్తు రావాలి. జనం ముందు రావాలి.

నేను రాను. ఆదివారం నాకు డ్యూటీ. జరిగింది జరిగినట్టు నువ్వే రాయి. ఏదీ తగ్గించకు, నీ జాలి మళ్ళీ సమాధిలోంచి లేచి వస్తే దాన్ని కొట్టి పడుకోబెట్టు.

చెల్లి

*

కుట్టుగది.
తలుపు గడియ పెట్టుకుని.

చెల్లీ,

ఎక్కడ మొదలుపెట్టాలో తెలీడం లేదు. నా చెవులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

హాలు నిండిపోయింది. గోడల వెంబడి కూడా నిలబడ్డారు. కొత్త కోటు తొడిగి భుజాలు సర్దాను. అద్దంలో చూసుకుని "వదినా, నీ చేతిలో కళ ఉంది" అన్నాడు. ఉందన్నాను.

మొదటి రెండు అంకాల్లో పదిమంది నటులుంటారు గనక వాళ్ళ మాటలు పట్టుకుని లాక్కొచ్చేశాడు. మూడో అంకం వాడొక్కడే. తలుపు తోశాడు. చెయ్యి పైకి పోయింది, గుండీని తడిమింది, ఆగింది. మొదటి మాట రాలేదు. జనం అదీ నటనే అనుకుని ఊపిరి బిగబట్టారు. ఎలాగో నాలుగు ముక్కలు అటూ ఇటూ చేసి అన్నాడు. పటం దగ్గర కూడా అంతే, మూడు వాక్యాలు మింగేశాడు. వేళ్ళు మాత్రం ఆ మూడు గుండీల మీద పైకీ కిందికీ తిరుగుతూనే ఉన్నాయి, చీకట్లో తాళంచెవి వెతుక్కునే మనిషికి మల్లే.

కుర్చీ ముందు మోకరిల్లాడు. నిశ్శబ్దం. కిర్రుమనే కుర్చీ కూడా కిమ్మనలేదు. మూడో గుండీని పట్టుకుని తిప్పాడు, తిప్పాడు. పెదవులు కదిలాయి. ఏమీ లేదు. వాడి మొహం మీద చెమట పక్క తెర చాటున ఉన్న నాకు కూడా కనపడింది. లేచి నిలబడ్డాడు. ఒక్కొక్క అడుగే వేస్తూ వేదిక అంచుకి వచ్చాడు. సరిగ్గా నీ చెక్కల మీదికి వచ్చి మడమతో రెండుసార్లు తట్టాడు.

కింద గుల్ల కదా చెల్లీ, తలుపు తట్టినట్టు మోగింది. ఆ చప్పుడుకి వాడే ఉలిక్కిపడ్డాడు. కాళ్ళ కిందికి చూశాడు. అప్పుడు వాడి మొహం మారింది. మామూలుగా మారడం కాదు. దీపం వేసినట్టు కాదు, దీపం ఆర్పితే ఎలా ఉంటుందో అలా. మెల్లగా వంగి, మోకాళ్ళ మీద కూర్చుని, చెక్కల మీద అరచెయ్యి ఆనించి, హాలంతా వినపడేలా అన్నాడు. ఆ గొంతుకి చిన్నగా మాట్లాడటం రాదుగా.

"గుసా... మళ్ళీ అందించు. ఈసారి నువ్వు చెప్పిందే అంటాను."

గుసగుసలాడతావని నిన్ను ముద్దుగా పిలిచే పేరు. జట్టులో పాతవాళ్ళందరికీ తెలుసు. తెర చాటున నా పక్కన నిలబడ్డ దర్శకుడు మెడ తిప్పి నా వైపు చూశాడు. హాల్లో వెనకనుంచి టికెట్లు చింపే ముసలాయన గొంతు వినపడింది. "అయితే ఆ అమ్మాయి ఆ రోజు సరిగ్గానే చెప్పిందన్నమాట!" ఇంకెవరో "ష్" అన్నారు. కానీ అప్పటికే మాట వరసవరసకీ పాకిపోయింది. వాడు మాత్రం చెక్కకి చెవి ఆనించి ఎదురుచూస్తూనే ఉన్నాడు. తెర దించేశారు.

పెద్దరికం మాట ఎవరూ ఎత్తలేదు. పూలదండలు గ్రీన్ రూమ్ బల్ల మీదే వాడిపోయాయి. మర్నాడు పొద్దున దర్శకుడు దగ్గరుండి చెక్కలు ఊడదీయించాడు. నీ మెత్త బయటికి తీసి, దులిపి, నాకు ఇచ్చి, "ఆవిడ వస్తానంటే ఆ చోటు ఆవిడదే. మా తప్పు కూడా ఉంది, అడగకుండా నమ్మాం. అది కూడా రాయండి" అన్నాడు. రాశాను.

ఇక వాడి సంగతి. ఆ కొత్త కోటు ఇంకా విప్పలేదు. నిన్న వచ్చి నా స్టూలు మీద కూర్చుని గోడ చూస్తూ, "అన్నీ గుర్తొచ్చాయి వదినా. పెరుగు అడిగాను ఆ రోజు" అన్నాడు. నేను సూదిలో దారం ఎక్కిస్తూ కూర్చున్నాను. కాసేపటికి నా వైపు తిరిగి, "నేనేమంటే తను వస్తుంది? ఏమనాలో నువ్వు చెప్పు, అదే అంటాను" అన్నాడు. మాట నా నాలిక చివరి దాకా వచ్చింది చెల్లీ. చెప్పేసేదాన్నే. నిన్ను అడిగి చెప్తానని పంపేశాను.

చెప్పమంటావా?

అక్క

*

మైకు గది.

అక్కా,

నీకు అబద్ధం రాశాను. ఆదివారం నాకు డ్యూటీ లేదు. నేను హాల్లోనే ఉన్నాను, మూడో వరసలో, స్తంభం పక్కన, నెత్తిన ముసుగేసుకుని. నువ్వు చూస్తే నీ చెవులు చూసి ఊరంతా కనిపెట్టేస్తుందని చెప్పలేదు.

వాడు మడమ తట్టగానే నా నోరు తెరుచుకుంది. అలవాటక్కా, నా చేతుల్లో లేదు. వాడి వేళ్ళకి గుండీ ఎలాగో నా నోటికి ఆ చప్పుడు అలా. మాట పళ్ళ దాకా వచ్చేసింది. ఇంకొక్క ఊపిరి వదిలితే హాలంతా వినపడేది. అప్పుడు తట్టింది, ఇంతకీ నేను ఇవ్వబోయే మాటేమిటని. 'నన్ను క్షమించు.' ఆ గొయ్యి ముందు, అంత జనంలో నేను లేచి నిలబడి వాడితో నన్ను క్షమించు అనాలి! రెండు చేతులతో నోరు మూసుకున్నాను. పక్కన కూర్చున్నావిడ నేను ఏడుస్తున్నాననుకుని రుమాలు ఇచ్చింది. ఏడవలేదు. నవ్వుతున్నాననీ చెప్పలేను. వాడు చెక్కకి చెవి పెట్టి వింటుంటే నేను మూడో వరసలో కూర్చుని ఊపిరి కూడా వదల్లేదు. అంత తియ్యటి నిశ్శబ్దం నా బతుకులో ఎప్పుడూ వినలేదు.

దర్శకుడికి వస్తానని చెప్పు. వచ్చే నెల నుంచి వస్తాను. మా సూపరింటెండెంటు అప్పుడే మొహం వేలాడేశాడు, నా అంత స్పష్టంగా ఎవరూ చెప్పలేరట. ఆ రోజు బస్సులు తారుమారు చేసింది మరిచిపోయాడు కాబోలు, తప్పు మాట చెప్పని నోరు అని నా మొహం మీదే అన్నాడు. ఆ మాట కాగితం మీద పెట్టి ఇవ్వక్కర్లేదు, విన్నాను, చాలు. మెత్త ఎండలో వెయ్యి. ఒక్క షరతు, వాడు ఆడే రోజున నాకు సెలవు.

ఆ పాత కోటు నీ దగ్గరే ఉందిగా. గుడ్డ గుండీ కోసి నాకు పంపించు. ఊరికే దాచుకోవడానికి కాదు, ఎక్కడుందో నాకు తెలియడం కోసం.

ఇక నువ్వు అడిగినదానికి జవాబు. ఏమంటే నేను వస్తానో చెప్పమని వాడు మళ్ళీ వస్తాడు. స్టూలు మీద కూర్చుంటాడు, నీళ్ళు అడుగుతాడు, చెయ్యి వణికిస్తాడు. వణికినా, మడమ అరిగేలా నేలని తట్టుకున్నా, ఏడ్చినా సరే. ఆ మాట వాడికి వచ్చు. జీవితమంతా ఖాళీ కుర్చీలకి చెప్పాడు. మనిషికి చెప్పడానికి ఎప్పుడు గుర్తొస్తే అప్పుడు వచ్చి చెప్పుకోమను. గుర్తు రాకపోతే మానెయ్యమను.

అందించకక్కా. ఇన్నాళ్ళూ అందించింది చాలు.

చెల్లి